ప్యాడ్ల డబ్బా ఖాళీ అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

(తెర మీద: వాష్‌రూమ్ గోడకు తగిలించిన తెల్ల డబ్బా, పక్కన ఒక నోటీసు)

నమస్తే అండీ. డబ్బా సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ నోటీసు చూడండి. ప్యాడ్లు, టాంపాన్లు (నెలసరిలో లోపల పెట్టుకునేవి) ఉచితంగా ఇవ్వాలన్న చట్టంలోని మాటలే ఇందులో ఉంటాయి. వాటితో పాటు ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిల్ కూడా ఉంటాయి. సరుకు అయిపోకుండా చూడాల్సిన మనిషివి అవి. అమెరికాలోని కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలు, స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లు ఇలాంటి నోటీసు పెట్టి తీరాలి.

ఆ చట్టాన్ని ఏబీ 367 (అసెంబ్లీ బిల్లు 367) అంటారు. క్రిస్టినా గార్సియా అనే అసెంబ్లీ సభ్యురాలు బిల్లు తెచ్చారు. 2021 అక్టోబర్‌లో గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం పెట్టారు. 2022-23 విద్యా సంవత్సరం మొదలయ్యేసరికి అమలు కావాలని గడువు. స్టేట్ యూనివర్సిటీకి అప్పట్లో 23 క్యాంపస్‌లు. మనవాళ్లు ఎమ్మెస్‌కి వెళ్లే శాన్ హోసే స్టేట్, హేవర్డ్‌లోని ఈస్ట్ బే, లాంగ్ బీచ్ అన్నీ అందులోవే. మీ ఇంటి అమ్మాయి అక్కడ చదువుతుంటే ఈ మాట తన చెవిన వేయండి. కొత్తగా వెళ్లిన పిల్లలు ప్రతి డాలరూ లెక్కపెట్టుకుంటారు.

(తెర మీద: పక్కపక్కన రెండు బొమ్మలు. ఎడమవైపు స్కూలు, కుడివైపు కాలేజీ క్యాంపస్ మ్యాప్)

ఈ చట్టంలో నాకు నచ్చనిది కూడా ఒకటుంది. మూడు నుంచి పన్నెండో తరగతి వరకు (మొదట ఆరు నుంచి ఉండేది, 2024-25లో మూడుకు తగ్గించారు) ఉన్న ప్రభుత్వ స్కూళ్లలో అయితే ఆడపిల్లల టాయిలెట్లన్నిటిలో, అందరూ వాడుకునే టాయిలెట్లన్నిటిలో, మగపిల్లల టాయిలెట్ కనీసం ఒకదాంట్లో ప్యాడ్లు పెట్టాలి. అబ్బాయిలుగా బతుకుతున్న ట్రాన్స్ పిల్లల్లో నెలసరి వచ్చేవాళ్లున్నారు కాబట్టి ఆ చివరి ఏర్పాటు. కాలేజీకి వచ్చేసరికి మాత్రం క్యాంపస్ మొత్తానికి కనీసం ఒక్కచోట ఉంటే చాలన్నారు. స్కూలు కంటే కాలేజీ ఎంత పెద్దదో చూడండి! క్లాసు ఈ చివర, డబ్బా ఆ చివర ఉంటే, మరక పడిందేమోనన్న భయంతో చున్నీ అడ్డం పెట్టుకుని అంత దూరం ఎలా నడుస్తుంది? ఎక్కువ చోట్ల పెట్టొద్దని చట్టం అనలేదు. పెట్టి తీరాలనీ అనలేదు.

స్టేట్ యూనివర్సిటీ కాక, బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్ క్యాంపస్‌లున్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అని ఇంకోటి ఉంది. దానికి రాష్ట్ర రాజ్యాంగమే స్వయంప్రతిపత్తి ఇచ్చింది. అందుకని దాన్నీ, ప్రైవేటు కాలేజీలనూ "మీరూ ఇవ్వండి" అని ప్రోత్సహించి ఊరుకుంది చట్టం.

స్కాట్లాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2018 నుంచే అక్కడి స్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీల్లో ఉచితంగా ఇస్తున్నారు. తర్వాత చట్టం చేశారు, అది 2022 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. సులువుగా దొరకాలి, తీసుకునేవాళ్ల గౌరవానికి భంగం కలగకూడదు, ఏ రకం కావాలో ఎంచుకునే వీలుండాలి అని రాసుకున్నారు.

(తెర మీద: ఆంధ్రప్రదేశ్ మ్యాప్, "2021 అక్టోబర్ 5")

కాలిఫోర్నియాలో సంతకం పడిన ఆ నెలలోనే మన ఆంధ్రప్రదేశ్‌లో 'స్వేచ్ఛ' మొదలైంది. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా, ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివే సుమారు 10 లక్షల మంది అమ్మాయిలకు నెలకు 10 ప్యాడ్లు. ప్రతిచోటా ఒక మహిళా టీచర్‌కో లెక్చరర్‌కో బాధ్యత అప్పగించారు. ఇది చాలా మంచి పని. ఇంట్లో అడగలేని పిల్ల చేతికి నేరుగా ప్యాకెట్ అందింది. కానీ ఇంటర్ దాటి డిగ్రీలో చేరిన అమ్మాయి ఆ లెక్కలోకి రాలేదు.

ప్యాకెట్ ఇంటి అవసరానికి. మరి కాలేజీలో ఉన్నట్టుండి వస్తే? కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ అనుకోండి. బ్యూరెట్ నింపి టైట్రేషన్ మొదలుపెట్టింది, అంతలో తెలిసింది. పక్కమ్మాయిని గుసగుసగా "ప్యాడ్ ఉందా?" అని అడుగుతుంది. లేదు. ఇంకో బెంచీకి చీటీ వెళ్తుంది. అక్కడా లేదు. సార్‌తో కడుపునొప్పి అని చెప్పి బస్సెక్కుతుంది. ఆ రోజు ప్రాక్టికల్ పోయింది, రికార్డులో సంతకమూ పోయింది. వాష్‌రూమ్‌లో ఒక్క ప్యాడ్ ఉంటే ఇదంతా ఉండేది కాదు.

నాణెం వేస్తే ప్యాడ్ వచ్చే మిషన్లు మన కాలేజీల్లోనూ చాలాచోట్ల పెట్టారు. మొదట నింపిన ప్యాడ్లు అయిపోయాక ఏ పద్దు కింద కొనాలో రాసి ఉండదు. చెడిపోతే ఎవరిని పిలవాలో అటెండరమ్మకి తెలియదు. అందుకే ఆ నోటీసు దగ్గర ఇంతసేపు ఆగాను. మిషన్ కొనడానికి ఒకసారి డబ్బిస్తే సరిపోదు. నింపే మనిషి పేరు, నెలనెలా ఖర్చుపెట్టే పద్దు, రెండూ కాగితం మీద ఉండాలి. మూత ఉన్న చెత్తబుట్ట, కుళాయిలో నీళ్లు ఉండాలని వేరే చెప్పాలా?

(తెర మీద: తెల్లకాగితం మీద అర్జీ రాస్తున్న చేయి)

మీరు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదువుతుంటే, ప్రిన్సిపల్ గారికి అర్జీ రాయండి. ఒక కాపీ మీ కాలేజీ విమెన్ ఎంపవర్‌మెంట్ సెల్ మేడమ్‌కి ఇవ్వండి. ప్రతి లేడీస్ వాష్‌రూమ్‌లో డబ్బా కావాలని, దాని పక్కన బాధ్యుల పేరు, నంబరు ఉండాలని, ఖర్చు ఏ నిధి నుంచి ఇస్తారో చెప్పమని అడగండి. అబ్బాయిలూ సంతకాలు పెట్టొచ్చు. ఆఫీసులో ఇచ్చేటప్పుడు మీ కాపీ మీద తారీఖుతో స్టాంపు వేయించుకోవడం మర్చిపోకండి.