వాచ్‌మెన్ సినిమా మీద నా ఒపీనియన్ రెండోసారి మారింది, ఈసారి తప్పు ఈ పుస్తకానిదే

హాయ్ అందరికీ, ఎలా ఉన్నారు. ముందే చెప్పేస్తున్నా, ఈ టేబుల్ మీద ఇటుకలా ఉందే, ఈ పుస్తకం నేను కొన్నది కాదు, ఒక ఆన్‌లైన్ బుక్ స్టోర్ వాళ్లు ఫ్రీగా పంపించారు. డబ్బులేం ఇవ్వలేదు. కామిక్ గురించి ఒక వీడియో చెయ్యండి బ్రో అన్నారంతే. నేనేమో కామిక్ చదివి సినిమా గురించి మాట్లాడ్డానికి కూర్చున్నా. వాళ్లు ఇంక జన్మలో నాకేం పంపరు.

క్యాస్ట్, రన్‌టైమ్, కలెక్షన్లు అవన్నీ మీరు వేరే చానల్స్‌లో చూసే ఉంటారు, నేను చదవను. అసలేం తెలీని వాళ్లకి మాత్రం: ఆలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలేసిన 12 ఇష్యూల కామిక్, 1986-87లో వచ్చింది, దాన్ని 2009లో జాక్ స్నైడర్ సినిమాగా తీశాడు. స్పాయిలర్లు ఫుల్లుగా ఉంటాయి, సినిమా వచ్చి ఇన్నేళ్లయ్యాక స్పాయిలర్ అంటే నేనేం చెయ్యలేను.

సరే. నేను ఈ సినిమా ఫస్ట్ చూసింది తొమ్మిదో క్లాసులో, ఖమ్మంలో మా పెద్దమ్మ వాళ్లింట్లో, సంక్రాంతి సెలవులకి. అన్నయ్య హార్డ్ డిస్క్‌లో ఉంది. ఆ వయసులో చూడాల్సిన సినిమా కాదు, ఒప్పుకుంటా, మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే చూపించకండి. అందులో డాక్టర్ మాన్‌హటన్ అని నీలం రంగు ఆయన ఒకడు ఒంటి మీద నూలుపోగు లేకుండా తిరుగుతుంటాడు కదా, పెద్దమ్మ వంటింట్లోంచి హాల్లోకి వచ్చినప్పుడల్లా అన్నయ్య లాప్‌టాప్ మూత దించేసేవాడు. అలా దించీ ఎత్తీ, దించీ ఎత్తీ, సినిమాలో ఒక పావుగంట నేను చూడనే లేదు. అయినా పిచ్చెక్కిపోయా.

రోర్‌షాక్ అని మాస్క్ వేసుకునే హీరో ఉంటాడు, ఆయనంటే ఇంక దేవుడే నాకు. ఆ మాస్క్ మీద సిరా మరకలు కదులుతుంటాయి, ఆ గొంతు, ఆ డైరీ. స్కూల్ తెరిచాక నేను కూడా డైరీ మొదలుపెట్టా, ఎలా రాశాననుకున్నారు, "ఈరోజు సైన్స్ సార్ రాలేదు. ఊరు కుళ్లిపోతోంది." నిజంగా ఇదే రాశా. ఖమ్మం నుంచి మా ఊరికి బస్సులో వస్తుంటే కిటికీలోంచి మనుషుల్ని అనుమానంగా చూసేవాణ్ని. ఇప్పుడు తల్చుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు.

తర్వాత బీటెక్ ఫస్ట్ ఇయర్, 2018. హైదరాబాద్ వచ్చాక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారు కదా, అక్కడ దొరికింది కామిక్. అట్ట చిరిగిపోయింది, ఆ పసుపుపచ్చ స్మైలీ మీద రక్తం చుక్క ఉంటుందే, సరిగ్గా ఆ చుక్క దగ్గరే చిరిగింది. ఆయన 400 అన్నాడు, నేను 150 అన్నా, 250కి ఇచ్చాడు. హాస్టల్‌లో రెండు రాత్రుల్లో చదివేశా. చదివాక ఆ సినిమా మీద ఎంత కోపం వచ్చిందంటే, అన్నయ్యకి ఫోన్ చేసి గంటసేపు అరిచా, స్క్విడ్ ఏది, స్క్విడ్ ఏది అని.

తెలీని వాళ్లకి, కామిక్ క్లైమాక్స్‌లో ఆజిమాండియాస్ అనే పాత హీరో న్యూయార్క్ మధ్యలో ఒక పేద్ద రాక్షసి జీవిని, అదే స్క్విడ్‌ని, పడేస్తాడు, వేరే లోకం నుంచి దాడి జరిగిందని జనం నమ్మాలి, అమెరికా రష్యా కొట్టుకోవడం మానేసి దానికి భయపడాలి, ప్లాన్ అది. సినిమాలో స్క్విడ్ తీసేసి, మాన్‌హటన్ పవర్‌తో సిటీల్ని పేల్చేసి నేరం ఆయన మీదకి తోసేస్తారు. ఆ రోజుల్లో నాకు ఇది మహా పాపం. హాస్టల్‌లో ఒకడు, సినిమా ఎండింగే లాజికల్‌గా ఉంది మామా అన్నందుకు వాడితో మూడు రోజులు మాట్లాడలేదు, మెస్‌లో వేరే టేబుల్ చూసుకున్నా. 2019లో వాచ్‌మెన్ టీవీ సిరీస్ వచ్చి, అందులో ఆకాశంలోంచి బుల్లి బుల్లి స్క్విడ్లు వానలా పడుతుంటే, ఆ వీడియో వాడి ఫోన్‌కి పంపి కింద ఏమీ రాయలేదు. గెలిచా అనుకున్నా.

ఇప్పుడు మ్యాటర్‌లోకి వస్తా. ఈ ఫ్రీ బుక్ వచ్చాక, ఊరికే పేజీలు తిప్పి పెట్టేద్దామనుకుని కూర్చుంటే తెల్లారింది. మర్నాడు సినిమా మళ్లీ చూశా. ఇన్నాళ్లూ నేను తిట్టాల్సిన దాన్ని వదిలేసి స్క్విడ్ కోసం కొట్టుకున్నానని అప్పుడు అర్థమైంది.

ఇది చూడండి, కెమెరా దగ్గరికి పెడతా. కామిక్‌లో పేజీకి తొమ్మిది గళ్లు, మూడు అడ్డం మూడు నిలువు. ఒక్కోసారి రెండు మూడు గళ్లు కలుపుతారు గానీ కింద లెక్క అదే, పన్నెండు చాప్టర్లూ. మొదట్లో నాకు ఇది బోర్ కొట్టింది కూడా, ఇదేంటి గవర్నమెంట్ ఆఫీసు కిటికీలాగా అని. కానీ ఆ గళ్లల్లో పదకొండు చాప్టర్లు నడుస్తాయి. పేజీ మొత్తం ఒకటే బొమ్మ, ఎక్కడా రాదు. ఎంత పెద్ద సంగతి జరిగినా గడిలోనే.

ఆ గళ్లల్లో న్యూయార్క్‌లో ఒక కూడలి, అక్కడ ఒక న్యూస్‌పేపర్ల బడ్డీ ఉంటుంది. ఒక ముసలాయన పేపర్లు అమ్ముతూ లోకం మీద కామెంట్లు చేస్తుంటాడు, పక్కన ఒక పిల్లాడు కొనకుండా కూర్చుని సముద్రపు దొంగల కామిక్ చదువుతుంటాడు, ఆయన తిడుతుంటాడు, వాడు పట్టించుకోడు. మా ఊరి బస్టాండ్‌లో పేపర్ల షాపు దగ్గర నేనూ ఇంతే, ఆయన "కొంటావా చదువుతావా" అనేవాడు, నేను ఇంకో పేజీ తిప్పేవాణ్ని. అదే కూడలికి టాక్సీ నడిపే అమ్మాయి వస్తుంది, రోర్‌షాక్‌ని జైల్లో చూసిన సైకియాట్రిస్ట్ వస్తాడు, ఆ కేసు వింటూ వింటూ ఈ డాక్టర్ కాపురమే కూలిపోయే పరిస్థితి. ఇలా చిన్న చిన్న మనుషులు. హీరోలు ఎవరూ కాదు. ఫస్ట్ టైం చదివినప్పుడు ఈ బడ్డీ పేజీలు నేను గబగబా తిప్పేశా, ఫైట్ ఎప్పుడొస్తుందా అని.

పదకొండో చాప్టర్ చివర వీళ్లంతా ఆ కూడలిలోనే ఉంటారు. టాక్సీ అమ్మాయి తన గర్ల్‌ఫ్రెండ్‌ని కొడుతుంటుంది, సైకియాట్రిస్ట్ ఆపడానికి వెళ్తాడు, భార్య వద్దంటుంది, ఇప్పుడు వెళ్తే ఇంక నేను నీతో ఉండనంటుంది, అయినా వెళ్తాడు. ముసలాయనకీ పిల్లాడికీ ఇద్దరి పేరూ బెర్నార్డే అని ఇన్నాళ్లకి తెలిసింది. అంతే, స్క్విడ్ పడుతుంది, వెలుగు. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుంటారు, గళ్లు చిన్నవై చిన్నవై తెల్లగా అయిపోతాయి.

పన్నెండో చాప్టర్ తెరిస్తే, ఇదిగో. ఫుల్ పేజీ. మళ్లీ ఫుల్ పేజీ. ఆరు పేజీలు వరసగా, గళ్లు లేవు, డైలాగ్ లేదు, శవాలు. పదకొండు చాప్టర్లు గొంతు పెంచకుండా మాట్లాడినవాడు ఒక్కసారి అరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది బాబోయ్. ఇక్కడ నేను పుస్తకం మూసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డా కాసేపు.

సినిమా? సినిమా మొదటి ఫైట్ నుంచే అరుస్తుంది. కమెడియన్ అనే పాత హీరో ఇంట్లో కొట్టుకుంటుంటే గోడలు పగుల్తాయి, స్లో మోషన్. సందులో రౌడీలు అడ్డొచ్చినప్పుడు డాన్, లోరీ వాళ్లని కొడుతుంటే ఎముకలు చర్మంలోంచి బయటికొస్తాయి. కామిక్‌లో అదే సందు ఫైట్ అయ్యాక ఇద్దరూ రొప్పుతుంటారు, నడివయసు వాళ్లు కదా, పొట్ట వచ్చిన మనిషి కదా డాన్, పాయింటే అది! వీళ్లు రిటైరైన హీరోలు, ఒంటికి అలవాటు తప్పింది. మాన్‌హటన్‌కి తప్ప ఎవడికీ పవర్స్ లేవు. సినిమాలో అందరూ గోడలు పగలగొట్టేవాళ్లే. తొమ్మిదో క్లాసులో నేను రీవైండ్ చేసి రీవైండ్ చేసి చూసింది ఈ ఫైట్లే, ఇప్పుడు అవే సీన్లు వస్తుంటే ఫోన్ తీసుకుని ఇన్‌స్టా చూసుకున్నా, అబద్ధం చెప్పను.

అలా మొదట్నుంచీ అరిచీ అరిచీ చివరికి న్యూయార్క్ నాశనమయ్యేసరికి సినిమా దగ్గర గొంతు లేదు. ఒక నీలం వెలుగు వస్తుంది, మనుషులు ఆవిరైపోతారు, ఊరి మధ్యలో నున్నటి గొయ్యి. ఒక్క శవం లేదు. ఫైట్లలో మోచెయ్యి విరిగితే ఎముక దగ్గరికి కెమెరా పెట్టినవాడు, లక్షల మంది పోతే నీట్‌గా తుడిచేశాడు. ఇది నాకు తొమ్మిదో క్లాసులో తట్టలేదు, బీటెక్‌లోనూ తట్టలేదు, ఎందుకంటే బీటెక్‌లో నేను స్క్విడ్ గోలలో ఉన్నా. రెండు బెర్నార్డులు థియేటర్ వెర్షన్‌లో కూడా ఒకర్నొకరు పట్టుకుంటారు, కానీ వాళ్లెవరో మనకి తెలీదు కదా, ఎవరో ఇద్దరు రోడ్డు మీద వాళ్లు. థియేటర్‌ది 162 నిమిషాలు, తర్వాత 215 నిమిషాల అల్టిమేట్ కట్ ఒకటి వచ్చింది, దాంట్లో బడ్డీ సీన్లూ ఆ దొంగల కథ యానిమేషనూ ఉన్నాయి, ఓపికుంటే అది చూడండి. ఓపిక మాత్రం గట్టిగానే కావాలి.

స్క్విడ్ సంగతా... ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. సినిమా చేసింది కరెక్టే. కామిక్‌లో స్క్విడ్ కోసం చాలా చోట్ల విత్తనాలు వేసుకుంటూ వస్తాడు, మాయమైన ఆర్టిస్టులు, ఆ దీవి, అదంతా పెట్టాలంటే ఇంకో అరగంట సినిమా. మాన్‌హటన్ మీదకి నేరం తోస్తే ఆయన భూమిని వదిలి వెళ్లిపోవడానికీ ఒక బలం వస్తుంది. ఆయన ఇన్నేళ్లూ అమెరికా ఆయుధమే కదా, మరి రష్యా అమెరికానే తప్పు పట్టాలి కదా అని నాకు ఇప్పటికీ చిన్న డౌట్, అమెరికా సిటీలు కూడా పోయాయి కాబట్టి సర్దుకుపోతున్నా. హాస్టల్ వాడు ఈ వీడియో చూస్తే, సారీ మామా. మెస్‌లో వేరే టేబుల్ తీసుకున్నది కూడా సారీ.

ఇంతసేపు తిట్టా కదా, టైటిల్స్ మాత్రం నేనెవ్వర్నీ ఒక్క మాట అననివ్వను. బాబ్ డిలన్ పాట వెనక వస్తుంటే ఐదారు నిమిషాల్లో నలభై ఏళ్ల చరిత్ర, యుద్ధం అయిపోయాక రోడ్డు మీద నర్సుని ముద్దు పెట్టుకునేది సిల్హౌట్ అనే లేడీ హీరో, చందమామ మీద ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఫోటో తీసేది మాన్‌హటన్, కెనెడీని కాల్చేది కమెడియన్. ఇక్కడా స్లో మోషనే, కానీ ఇక్కడ ఫోటో ఆల్బమ్ తిప్పుతున్నట్టుంటుంది, కామిక్ గడిలాగా మనిషి అందులో ఇరుక్కుపోయి ఉంటాడు. ఈ ముక్క పుస్తకంలో ఇలా లేనే లేదు, సినిమా సొంతంగా కట్టుకున్నదే. కాపీ కొట్టని చోటే బాగా తీశాడు చూడండి.

ఇంకోటి మార్స్ మీద సీన్. బిల్లీ క్రుడప్ ఆ నీలం మనిషి, సెట్‌లో ఆయనకి నీలం లైట్లు అతికించిన సూట్ వేశారంట, అందుకే పక్కన వాళ్ల మొహాల మీద నిజంగా వెలుతురు పడుతుంది. ఫిలిప్ గ్లాస్ మ్యూజిక్ మీద ఆయన గతం, ఇప్పుడు, రాబోయేది అన్నీ ఒకేసారి చెప్తుంటాడు కదా, అప్పుడు అనుకున్నా, పెద్దమ్మ హాల్లోకి వచ్చిన టైంలో నేను మిస్సయింది ఇదే అని.

రోర్‌షాక్ గురించి ఎక్కువ చెప్పను, ఒకటే. ఒక చిన్న పిల్లని చంపినవాణ్ని కామిక్‌లో ఆయన సంకెళ్లేసి, రంపం చేతికిచ్చి, ఇంటికి నిప్పంటించి బయట నిలబడి చూస్తాడు. సినిమాలో కత్తితో తల మీద నరుకుతాడు. కామిక్‌ది చదివితే ఆ మనిషంటే భయమేసింది, సినిమాది చూస్తే ఈల వేశా. డైరీ రాసింది అందుకే.

హా, పుస్తకం గురించి కూడా చెప్పాలి, ఫ్రీగా తీసుకున్నా కదా. ప్రింట్ బాగుంది, జాన్ హిగ్గిన్స్ రంగులు, ఆ ఊదా ఆ కుంకుమపువ్వు రంగు, నా ఆబిడ్స్ కాపీలో వెలిసిపోయినవి ఇందులో కళ్లకి కొడుతున్నాయి. బైండింగ్ మీద మాత్రం నాకు మంట. ఐదో చాప్టర్ అద్దంలాగా కట్టాడు, మొదటి పేజీకి చివరి పేజీ జోడీ, అలా మధ్యకి వస్తే ఆజిమాండియాస్ తన మీద దాడి చేసిన వాణ్ని కొట్టే బొమ్మ రెండు పేజీల మీద ఉంటుంది. సరిగ్గా ఆ మధ్యే బైండింగ్‌లోకి దిగిపోయింది. రెండు చేతులతో నొక్కి పట్టుకుంటే గానీ కనపడట్లేదు, గట్టిగా నొక్కితే అట్ట విరిగిపోతుందేమోనని భయం. చాప్టర్ మొత్తం కట్టిందే ఈ బొమ్మ చుట్టూ కదయ్యా! నా 250 రూపాయల చిరుగుల కాపీ మాత్రం పీటలా పరుచుకుంటుంది.

రేటింగ్ అడుగుతారు. తొమ్మిదో క్లాసులో పదికి పదకొండు, బీటెక్‌లో రెండు, ఇప్పుడు ఆరు, టైటిల్స్‌కి విడిగా పది. ఆలన్ మూర్ అయితే తన పేరే వేయొద్దన్నాడు, టైటిల్స్‌లో గిబ్బన్స్ పేరొక్కటే ఉంటుంది.

నిన్న అన్నయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. మొత్తం విని, అప్పుడు గంటసేపు ఎందుకు అరిచావురా మరి, అన్నాడు. ఈ హార్డ్‌కవర్ వాడికే పంపిస్తున్నా, బరువుకి కొరియర్ చార్జీలే నా ఆబిడ్స్ కాపీ అంత అయ్యేలా ఉన్నాయి. పెద్దమ్మకి కనపడకుండా పెట్టుకో అని చెప్పా, ఇందులో కూడా ఆయన బట్టలు వేసుకోడు.