పసిబిడ్డ థైమస్‌పై ఇన్‌ఫ్లమేషన్ దెబ్బ

సభికులందరికీ నమస్కారం.

నెలలు నిండి పుట్టిన బిడ్డ ఛాతీ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూస్తే, గుండెకు పైభాగాన ఒక పక్కకు తెరచాపలా సాగిన లేత నీడ కొందరిలో స్పష్టంగా కనిపిస్తుంది. అదే రొమ్ము ఎముక వెనుక ఉండి, టి కణాలనే రోగనిరోధక కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి. శరీర బరువుతో పోలిస్తే అది అన్నిటికన్నా పెద్దదిగా ఉండేది పుట్టిన కాలంలోనే. తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డకు కొద్ది రోజులకే మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఆ నీడ చిక్కిపోయి ఉంటుంది. అలా చిక్కినప్పుడు ఏ కణాలు పోతాయన్నదే ఈనాటి నా విషయం.

1961లో శాస్త్రవేత్త జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు థైమస్ తీసేసి చూశారు. వాటి రక్తంలో లింఫోసైట్లు, అంటే రోగనిరోధక తెల్లకణాలు, పడిపోయాయి, పరాయి చర్మాన్ని అతికిస్తే శరీరం దాన్ని తిరస్కరించలేకపోయింది. పెద్ద ఎలుకలకు అదే శస్త్రచికిత్స చేస్తే ఇంత నష్టం జరగలేదు. అంటే థైమస్ విషయంలో దెబ్బ ఎప్పుడు తగిలిందన్నది చాలా ముఖ్యం.

థైమస్ వెలుపలి పొరలో సీడీ4, సీడీ8 అనే ప్రోటీన్ గుర్తులు రెండూ ధరించిన లేత కణాలు కిక్కిరిసి ఉంటాయి. గ్రంథిలోని కణాల్లో అత్యధిక భాగం ఇవే. వీటిలో సొంత శరీరంపైనే గట్టిగా తిరగబడే స్వభావం ఉన్నవాటిని లోపలి పొర ఏరి చంపుతుంది, లేదా తోటి కణాలను అదుపులో ఉంచే నియంత్రక టి కణాలుగా మలుస్తుంది. ఈ వడపోతకు నిలిచి బయటికి వచ్చేవి నూటికి ఐదారుకు మించవు.

గర్భంలో ఉండగానే ఉమ్మనీటి పొరలకు ఇన్ఫెక్షన్ సోకితే, సూక్ష్మజీవి థైమస్‌లో అడుగుపెట్టకపోయినా ఇన్‌ఫ్లమేషన్ వల్ల, అంటే ఇన్ఫెక్షన్‌పై శరీరం రేపే ప్రతిస్పందన వల్ల, గ్రంథి దెబ్బతింటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాల సందేశ ప్రోటీన్లు, బిడ్డ రక్తంలో పెరుగుతాయి, అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ను విడుదల చేస్తాయి, ఆ కార్టిసాల్‌కు అన్నిటికన్నా త్వరగా లొంగిపోయేవి ఇందాక చెప్పిన రెండు గుర్తుల లేత కణాలే. మైక్రోస్కోపు కింద ఆ దృశ్యం మనసును కలచివేస్తుంది: ముదురు నీలంగా నిండుగా ఉండవలసిన వెలుపలి పొరలో, చనిపోతున్న కణాలను మింగుతున్న భక్షక కణాలు లేత చుక్కల్లా తేలి, పొర మొత్తం నక్షత్రాలు పొడిచిన రాత్రి ఆకాశంలా కనిపిస్తుంది. గొర్రెల ఉమ్మనీటిలోకి బ్యాక్టీరియా విషపదార్థాన్ని ఎక్కించిన ప్రయోగాల్లో పిండం థైమస్ కుంచించుకుపోవడమే కాక, నియంత్రక కణాలూ తగ్గాయి.

ఇక్కడ ఒక పాత పొరపాటును గుర్తుచేయాలి. జబ్బుతో, పోషణలోపంతో కృశించి చనిపోయిన పిల్లల శవపరీక్షల్లో చిక్కిన థైమస్‌లనే చూసి, అదే సహజమని వైద్యులు ఒకప్పుడు నమ్మారు. హఠాత్తుగా చనిపోయిన ఆరోగ్యవంతమైన బిడ్డలో మామూలుగా ఉన్న థైమస్‌ను పెరిగిపోయిన గ్రంథిగా పొరబడ్డారు. ఆ నమ్మకంతో 20వ శతాబ్ది మొదటి సగంలో ఎందరో శిశువుల ఛాతీకి రేడియేషన్ ఇచ్చారు, వారిలో కొందరికి తర్వాత థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది.

నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదమున్న తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా థైమస్‌ను కొంతకాలం కుదిస్తుంది. అయినా బిడ్డ ఊపిరి నిలిపేది అదే కనుక దాన్ని మానకూడదు.

పోయిన కణాల సంఖ్య మళ్ళీ పెరుగుతుంది. నన్ను కలవరపెట్టేది ఆ రోజుల్లో తయారుకావలసిన నియంత్రక కణాల సంగతి. ఆడ ఎలుకకు పుట్టిన మూడో రోజున థైమస్ తీసేస్తే దాని అండాశయాలు దెబ్బతింటాయని జపాన్ పరిశోధకులు 1969లో చూపారు; అది రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాలపైనే చేసే దాడి అని తర్వాత తేలింది. ఆ దారినే సాగి జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో నియంత్రక టి కణాలను గుర్తించారు, 2025లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. బిడ్డ పుట్టిన తొలి రోజుల్లో ఇన్‌ఫ్లమేషన్ పడేది సరిగ్గా ఈ కణాలు పుట్టే చోటనే.

మన దేశంలో 2020 ఒక్క ఏడాదే దాదాపు 30 లక్షల మంది బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారు. వారిలో చాలామందికి ఊపిరితిత్తుల కోసం ఎలాగూ ఎక్స్‌రే తీస్తాం. ఆ ఫిల్ములోనే థైమస్ నీడ వెడల్పును కూడా కొలిచి, తల్లి జ్వరం, ఉమ్మనీరు పోయిన సమయం పక్కనే కేసు షీటులో రాయమని ఇక్కడున్న వైద్య విద్యార్థులను కోరుతున్నాను.