982 మెగాహెర్ట్జ్ దగ్గర వినిపించింది ఎవరి గొంతు?

నిర్వాహకురాలు: నమస్కారం. గ్రహాంతర నాగరికతల కోసం రేడియో టెలిస్కోపులతో సాగుతున్న అన్వేషణపై నేటి చర్చకు ఒక ఖగోళశాస్త్ర ఆచార్యులు, ఒక రేడియో ఇంజనీరు విచ్చేశారు. ఆచార్యులు గారూ, ఏ పౌనఃపున్యం దగ్గర వినాలన్నది మొదట ఎలా నిర్ణయించారు?

ఆచార్యులు: 1959లో కొక్కోని, మోరిసన్ అనే భౌతికశాస్త్రవేత్తలు 1420 మెగాహెర్ట్జ్‌ను సూచించారు. విశ్వంలో అన్నిటికన్నా విస్తారంగా ఉన్న హైడ్రోజన్ వెలువరించే తరంగం అదే గనుక, రేడియో విద్య తెలిసినవారు ఎక్కడివారైనా దాన్ని ఎరిగే ఉంటారని వారి తర్కం. మరుసటి ఏడాదే ఖగోళశాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 26 మీటర్ల యాంటెన్నాను టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని నక్షత్రాల వైపు తిప్పారు. ఏమీ దొరకలేదు.

నిర్వాహకురాలు: వచ్చిన సంకేతం కృత్రిమమైనదని ఎలా గుర్తిస్తారండీ?

ఇంజనీరు: ప్రకృతిలో పుట్టే రేడియో తరంగాలు విశాలమైన పౌనఃపున్య పరిధిలో పరుచుకుని ఉంటాయి. శక్తి అంతా కొద్ది హెర్ట్జ్‌లలోనే ఇమిడి కనిపిస్తే దాని వెనుక ట్రాన్స్‌మిటర్ ఉందని అనుమానించాలి. చిక్కేమిటంటే ట్రాన్స్‌మిటర్లు మన భూమ్మీదే కోకొల్లలు. అందుకే టెలిస్కోపును కాసేపు నక్షత్రం వైపు, కాసేపు పక్కకు తిప్పుతూ చూస్తారు. పక్కకు తిప్పినప్పుడు కూడా సంకేతం ఉంటే దాన్ని తీసేస్తారు.

నిర్వాహకురాలు: ఆ పరీక్షకు నిలిచినది ఏదైనా ఉందా?

ఆచార్యులు: ఉంది. 2019 ఏప్రిల్, మే నెలల్లో ఆస్ట్రేలియాలోని 64 మీటర్ల పార్క్స్ టెలిస్కోపు, సూర్యుడి తర్వాత మనకు అతి సమీపంలో ఉన్న ప్రాక్సిమా సెంటారీని గమనించింది. ఆ డేటాను మరుసటి ఏడాది జల్లెడ పట్టినప్పుడు 982 మెగాహెర్ట్జ్ దగ్గర, నక్షత్రం వైపు చూసినప్పుడే కనిపిస్తూ పౌనఃపున్యం మెల్లగా జరుగుతున్న సంకేతమొకటి బయటపడింది. దానికి బీఎల్‌సీ 1 అని పేరు పెట్టారు.

ఇంజనీరు: 2021లో వెలువడిన విశ్లేషణ దాన్ని తేల్చింది. అదే పోకడ ఉన్న సంకేతాలు ఇతర పౌనఃపున్యాల దగ్గర పదుల సంఖ్యలో దొరికాయి; వాటి మధ్య ఎడం మామూలు ఎలక్ట్రానిక్ పరికరాల్లోని ఆసిలేటర్ల, అంటే స్థిరమైన కంపనాలు పుట్టించే భాగాల, పౌనఃపున్యాలతో సరిపోయింది; పైగా వాటిలో కొన్ని టెలిస్కోపును పక్కకు తిప్పినప్పుడు కూడా వినిపించాయి. అంటే అది మనుషుల పరికరాల నుంచి వచ్చినదే. నన్నడిగితే, సంకేతం దొరికిందన్న వార్త కంటే, దొరికినదాన్ని తమ చేతులతోనే కొట్టిపారేసిన ఆ పని గొప్పది.

నిర్వాహకురాలు: మరి 1977 నాటి ‘వావ్’ సంకేతం?

ఆచార్యులు: ఒహాయోలోని బిగ్ ఇయర్ టెలిస్కోపు దాన్ని 72 సెకన్ల పాటు నమోదు చేసింది. అయితే ఆ టెలిస్కోపుకున్న రెండు గ్రాహకాలు కొద్ది నిమిషాల తేడాతో ఒకే చోటును చూస్తాయి. సంకేతం మాత్రం ఒకదానిలోనే పడింది. తర్వాత ఎంత వెదికినా మళ్లీ రాలేదు. పత్రికలకు అది ఎప్పటికీ పాతబడదు గానీ, మళ్లీ పరీక్షించడానికి వీలులేనిదాన్ని నేను సాక్ష్యంగా లెక్కించను.

నిర్వాహకురాలు: ఇన్నేళ్లు విన్నా ఏమీ లేదంటే, ఎవరూ లేరనేనా?

ఆచార్యులు: అలా అనలేం. దిక్కు, పౌనఃపున్యం, సమయం, సంకేత బలం అన్నీ కలిపి 2018లో ఒక బృందం లెక్కగట్టింది. వెదకాల్సినదంతా భూమ్మీది సముద్రాలన్నిటి నీరు అనుకుంటే, అప్పటిదాకా మనం పరిశీలించినది ఒక పెద్ద నీటితొట్టె పాటిదేనని తేలింది.

ఇంజనీరు: వెదికే పరిధి పెంచితే సరిపోదు, వడపోత కూడా బిగించాలి. ఐర్లండ్, స్వీడన్‌లలో ఉన్న, లోఫార్ అనే రేడియో టెలిస్కోపుల వ్యవస్థకు చెందిన కేంద్రాలు ఒకే ఆకాశభాగాన్ని ఒకేసారి గమనించాయి. ఒక కేంద్రం పరిసరాల్లోని పరికరం చేసే అలజడి రెండోచోట పడదు గనుక, రెండింటిలోనూ కనిపించినదాన్నే తదుపరి పరీక్షకు పంపితే చాలు.