ఎనిమిది నెలల పాపతో ఇండియా ట్రిప్: షికాగో చలి నుంచి తెనాలి భోగి దాకా

హాయ్ అండీ, నమస్తే. చంటిపాపతో ఇండియా ఎలా వెళ్లొచ్చారని చాలామంది అడిగారు కదా, ఇదిగో ఆ వీడియో. పాపకి ఎనిమిదో నెల నడుస్తుండగా షికాగో పక్కనున్న నేపర్‌విల్ నుంచి బయల్దేరాం. క్రిస్మస్ సెలవుల్లో వెళ్లి, సంక్రాంతి చూసుకుని వచ్చేయాలని ప్లాన్. "అంత చిన్నపిల్లతో అంత దూరమా? సమ్మర్‌లో వెళ్లొచ్చుగా" అని ఇక్కడ ఫ్రెండ్సంతా అన్నారు. తెనాలిలో మే నెల ఎండ చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. డిసెంబర్‌లో టికెట్లు ముట్టుకుంటే కాలతాయి, అది ఒప్పుకుంటాను. కానీ పాపకి మొదటి భోగిపళ్లు పోయడానికి తాతమ్మ ఎదురుచూస్తుంటే ఇంక రేట్లేం చూస్తాం!

ఒకటి ముందే చెప్పేస్తాను. అందరూ ఫ్లైటు గురించే భయపెట్టారు. ఫ్లైటు ఎలాగోలా గడిచిపోతుందండీ. అసలు పరీక్ష దిగాకే.

కాగితాల పని త్వరగా చెప్పేస్తా. పాప ఇక్కడే పుట్టింది కాబట్టి అమెరికా పాస్‌పోర్టు. 16 ఏళ్లలోపు పిల్లలకి అప్లై చేయాలంటే అమ్మానాన్న ఇద్దరూ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఒకరు రాలేకపోతే నోటరీ చేయించిన అనుమతి పత్రం కావాలి. అంతా చేస్తే ఆ పాస్‌పోర్టు 5 ఏళ్లే చెల్లుతుంది. ఫోటో కోసం తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టాం. మావారు మంచం మీద నిలబడి ఫోన్ పట్టుకుంటే, నేను పక్కన గిలక్కాయ ఊపుతూ కూర్చున్నాను. కళ్లు తెరిచి, నోట్లో వేలు లేకుండా, నేరుగా చూసే ఒక్క ఫోటో కోసం సాయంత్రమంతా పోయింది. పాస్‌పోర్టు చేతికొచ్చాకే ఓసీఐ, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చే కార్డు. టైం లేదనుకుంటే ఈ-వీసా తీసుకుని వెళ్లి, ఓసీఐ తర్వాత చూసుకోవచ్చు. మా ఇద్దరి వీసాలకీ ఇంకా గడువు ఉంది, ఇండియాలో కొత్త వీసా వేయించుకునే స్టాంపింగ్ పని పడలేదు. పడి ఉంటే ఈ వీడియో అంతా వేరే టెన్షన్‌తో ఉండేది.

పిల్లల డాక్టర్ దగ్గరికి మాత్రం ముందుగానే వెళ్లండి. మామూలుగా ఏడాది నిండాక వేసే ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాని, విదేశీ ప్రయాణం ఉంటే 6 నుంచి 11 నెలల మధ్యే ఒక డోసు వేస్తారు. అది లెక్కలోకి రాదు, ఏడాది దాటాక మళ్లీ రెండు డోసులు వేయించాల్సిందే.

సరే, ఫ్లైటు. రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు కానీ, ఇండియా లాంటి ప్రయాణాలకి అది ఫ్రీ కాదు. చాలా ఎయిర్‌లైన్స్‌లో పెద్దల టికెట్‌లో పదోవంతు దాకా తీసుకుంటారు. బాసినెట్, అంటే ముందు గోడకి తగిలించే చిన్న ఉయ్యాల, టికెట్ కొన్న రోజే ఫోన్ చేసి అడిగాం. బరువు, పొడవుల విషయంలో ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో లెక్క, కనుక్కోండి.

బాసినెట్ సీటు అనగానే అదేదో రాజభోగం అనుకుంటారు. చెప్తా వినండి. ఆ వరసలో మీ ముందు సీటు ఉండదు, కాబట్టి కాళ్ల దగ్గర బ్యాగు పెట్టనివ్వరు. టేకాఫ్ అప్పుడూ ల్యాండింగ్ అప్పుడూ డైపర్ బ్యాగు పైకి ఎక్కాల్సిందే. అందుకని ఒక డైపర్, వైప్స్, ఒక జత బట్టలు, పాలసీసా చిన్న సంచిలో వేసి మెడకి తగిలించుకున్నా. ఇంకోటి, సీట్ల మధ్య చెయ్యి ఆనించే దిమ్మ పైకి లేవదు, పాపని అడ్డంగా పడుకోబెడదామంటే కుదరదు. ఇక అన్నిటికంటే పెద్ద చిక్కు. గంట జోకొడితే పాప నిద్రపోయింది. ఊపిరి బిగబట్టి బాసినెట్‌లో దించాను. దుప్పటి సర్ది అలా వెనక్కి వాలానో లేదో, టింగ్ మని సీటు బెల్టు లైటు! లైటు వెలిగితే పాపని తీసి ఒళ్లో పెట్టుకోవాలి, రూలు అది. అట్లాంటిక్ మీద ఆ టింగ్ ఎన్నిసార్లు మోగిందో. చివరికి మావారు పాపని గుండెకి కట్టుకునే క్యారియర్‌లో వేసుకుని బాత్రూమ్‌ల దగ్గర నిలబడ్డారు. వెనక వరస నుంచి ఒక పెద్దాయన లేచి వచ్చి, "బాబూ, నువ్వు కాసేపు కూర్చో, నాకెలాగూ నిద్ర రాదు" అని ఎత్తుకున్నారు. ఆ గొంతులో గోదావరి యాస విని నాకు ప్రాణం లేచొచ్చింది.

పాల గురించి భయపడకండి. చంటిపిల్లల పాలు, ఫార్ములా, ప్యూరీ 100 మిల్లీలీటర్లు దాటినా తీసుకెళ్లొచ్చు. సెక్యూరిటీలో ముందే చెప్పి, బయటకి తీసి విడిగా పెట్టాలి. చెవుల నొప్పి పైకెక్కేటప్పటికంటే కిందకి దిగేటప్పుడే ఎక్కువ. అందుకే దిగడం మొదలవ్వగానే పాలు పట్టాను. మరీ ముందే పడితే, దిగేసరికి కడుపు నిండిపోయి తాగదు.

దోహా ఎయిర్‌పోర్టులో ఫ్లైటు మారాం. అక్కడ పెద్ద పసుపు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది కదా, నెత్తి మీద దీపంతో. అందరూ దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. మా పాప ఎలుగుబంటిని వదిలేసి నేల మీద మెరిసే లైట్లనే చూస్తోంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. చలికాలంలో షికాగోకీ ఇండియాకీ పదకొండున్నర గంటల తేడా. అంటే పగలు రాత్రి, రాత్రి పగలు. పెద్దవాళ్లం కాఫీ తాగి నెట్టుకొస్తాం, పాపకి ఎవరు చెప్తారు? హైదరాబాద్‌లో అన్నయ్య వాళ్లింట్లో అర్ధరాత్రి దాటాక పాప చప్పట్లు కొడుతూ ఆడుతోంది. మధ్యాహ్నం చూడ్డానికి వచ్చినవాళ్లేమో, "ఏంటమ్మా, ఎప్పుడొచ్చినా నిద్రేనా? ఒంట్లో బాగానే ఉందా?" అని దిగులు. అందుకే మొదట ఊరికి వెళ్లకుండా హైదరాబాద్‌లోనే ఆగాం. పొద్దున్నే బాల్కనీలో ఎండలో కూర్చోబెట్టడం, సాయంత్రం త్వరగా స్నానం చేయించడం, రాత్రి లేచినా లైటు వేయకుండా పాలు పట్టడం. రోజురోజుకీ కొంచెం కొంచెం సర్దుకుంది. నేరుగా తెనాలి వెళ్లి ఉంటే ఇంటినిండా బంధువుల మధ్య ఇదంతా జరిగేది కాదు.

సంక్రాంతి ముందు విజయవాడ హైవే సంగతి మీకు తెలిసిందే. పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారులు టీవీల్లో చూపిస్తారు కదా. ఆ రద్దీ మొదలవ్వకముందే వెళ్లిపోయాం. సూర్యాపేటలో ఆగి ఇడ్లీ తిన్నాం. పాప కారు సీటు అమెరికా నుంచే తీసుకెళ్లాం, "ఒళ్లో పెట్టుకోకుండా అదేం కట్టేయడం" అని అమ్మ సణుగుతూనే ఉంది. ఆ ఒక్క విషయంలో నేను తగ్గలేదు.

తెనాలిలో మాత్రం అత్తయ్యగారికి ఒక డ్యూటీ అప్పజెప్పాను. పాపని ఎత్తుకునేవాళ్లు చేతులు కడుక్కోవాలి, ముద్దులు పాదాల మీదే. నేను చెప్తే "అమెరికా నుంచి వచ్చింది, టెక్కు" అంటారు. అత్తయ్యగారు చెప్తే కిక్కురుమనరు. గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని, "వదినా, ముందు పంపు దగ్గరికి పద" అంటుంటే ఎదురు మాట్లాడినవాళ్లు లేరు. సాంబ్రాణి పొగ మాత్రం ఆపలేకపోయా. కిటికీలు తెరిచి, గదిలో వేసి, పొగ పోయాక పాపని తెచ్చేలా రాజీ కుదిరింది.

భోగి రోజు తెల్లవారుజామున మంట దగ్గరికి పాపని తీసుకెళ్లలేదు, మేడ మీద నుంచి చూపించాం. సాయంత్రం పట్టులంగా వేసి పీట మీద కూర్చోబెట్టారు. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, బంతిరేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర. తాతమ్మ రెండు చేతులతో నెత్తి మీద పోస్తుంటే పాప ముందు బిత్తరపోయింది, తర్వాత పళ్ల మీద పడింది. ఇక్కడ జాగ్రత్తండీ. రేగిపండు, శనగ, రూపాయి బిళ్ల, మూడూ గొంతులో ఇరుక్కునే సైజే. అందుకే పోసేవాళ్లు ఒకరైతే, ఏరేవాళ్లు ఇద్దరు ఉండాలని ముందే అనుకున్నాం. అయినా రాత్రి బట్టలు మారుస్తుంటే పిడికిలి విప్పదు. వేళ్లు ఒక్కొక్కటే తెరిస్తే లోపల ఐదు రూపాయల బిళ్ల! "లక్ష్మీదేవి, దాచుకుంది" అని తాతమ్మ మురిసిపోయింది.

తిరుగు ప్రయాణానికి ఒక్క మాట. షికాగోలో దిగేసరికి మైనస్ చలి ఉంటుంది, కాబట్టి జాకెట్లు చెకిన్ పెట్టెల్లో పెట్టకండి, చేతి బ్యాగులో పైన పెట్టుకోండి. కారు సీటులో మాత్రం ఉబ్బు జాకెట్‌తో కూర్చోబెట్టొద్దు, బెల్టు బిగుతుగా పట్టదు. మామూలు బట్టల మీదే బెల్టు పెట్టి, పైన దుప్పటి కప్పితే సరిపోతుంది. కారం పొడి, సున్నిపిండి పొట్లాలు ఏ పెట్టెలో సర్దామో వచ్చే వీడియోలో చూపిస్తాను. ఇంకా విప్పలేదు, పాప నిద్రపోతే కదా!