బతికాడు కదా అంటారు

వేదిక మీదున్న పెద్దలకు, గ్రంథాలయ కమిటీ వాళ్ళకు, పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం. అందరి పేర్లూ చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. వార్షికోత్సవం కదా, ఆరోగ్యం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. బీపీ, షుగరు, పొద్దున్నే నడక, ఇవన్నీ మీకు నాకంటే ఎక్కువే తెలుసు. రిటైరయ్యేదాకా సర్జికల్ వార్డులో నర్సుగా చేసినదాన్ని, నేను తలకు తగిలే దెబ్బల గురించే మాట్లాడతాను.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 50,029 మంది బండి మీద హెల్మెట్ లేకుండా వెళ్ళినవాళ్ళు, నడిపినవాళ్ళూ వెనక కూర్చున్నవాళ్ళూ కలిపి. సరే, ఇది పోయినవాళ్ళ లెక్క. బతికి ఇంటికొచ్చినవాళ్ళ లెక్క ఎవరు రాస్తున్నారండీ?

మా చెల్లెలి భర్త అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి దగ్గర గుమాస్తా. రెండు లారీల కాయల లెక్క కాగితం చూడకుండా నోటితో చెప్పేవాడు. దాళ్వా కోతలప్పుడు రాత్రి కాలవగట్టు మీద వస్తున్నాడు. సగం రోడ్డు ధాన్యం, మీద నల్ల బరకం, అది లేవకుండా చుట్టూ రాళ్ళు. రాయెక్కి బండి పడింది. హెల్మెట్ ఉంది, మోచేతికి తగిలించుకుని ఉన్నాడు. లేచి బట్టలు దులుపుకుని, తనే బండి నడుపుకుంటూ ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాడు. ఒంటి మీద గీత లేదు. తెల్లారగట్ల వాంతులు, పిలిస్తే పలకలేదు.

మీలో కురిడీ కొబ్బరి చేసేవాళ్ళున్నారు కాబట్టి చెబుతున్నా. చిప్ప పగలకుండానే లోపల గుండు దెబ్బ తింటుంది కదా, తల కూడా అంతే. పడ్డప్పుడు తగిలేది ఒక దెబ్బ. తర్వాత కొన్ని గంటల్లో లోపల రక్తం గడ్డకట్టి, మెదడు వాచి, ఆక్సిజన్ అందక జరిగేది రెండోది. పడ్డాక మొదటిది మన చేతుల్లో లేదు. రెండోదాన్ని చాలాసార్లు ఆపొచ్చు. "కాసేపు పడుకుంటే తగ్గిపోద్ది" అని ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టకండి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా 108కి ఫోన్ చేయండి, తలకు సీటీ స్కాన్ తీసే ఆసుపత్రికే తీసుకెళ్ళండి. తెలివి తప్పినవాడి నోట్లో నీళ్ళు పోయకండి, ఆటోలో తల వేలాడేసి తీసుకెళ్ళకండి. ముసలివాళ్ళు బాత్రూంలో జారిపడితే ఇంకా జాగ్రత్త, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళకు గడ్డ వారాల తర్వాత కూడా బయటపడుతుంది. తీసుకెళ్ళిన మనిషిని పోలీసులు సాక్ష్యానికి బలవంతం చేయకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, తర్వాత మోటారు వాహనాల చట్టంలోనూ రక్షణ పెట్టారు. కాబట్టి కేసవుతుందని చూస్తూ నిలబడొద్దు.

ఎక్కడున్నాను... ఆ, మా మరిది. కాకినాడలో ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. బతికాడు కదా, అదే చాలన్నారు ఊరంతా. నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కానీ ఇంటికొచ్చింది వేరే మనిషండీ. నడుస్తాడు, మాట్లాడతాడు, లెక్క మాత్రం రాదు. ఇందాక అడిగిందే మళ్ళీ అడుగుతాడు. కొట్టుకి పంపితే దేనికొచ్చానో మర్చిపోయి అరుగు మీద కూర్చుండిపోతాడు. పిల్లల మీద చెయ్యెత్తని మనిషి, కూరలో ఉప్పు తక్కువైందని కంచం విసిరేస్తాడు. షావుకారు మంచివాడే, కొన్నాళ్ళు ఓపిక పట్టి ఇక రావద్దన్నాడు. మా చెల్లెలు ఇప్పుడు పీచు మిల్లుకి వెళుతోంది, పెద్దాడు పాలిటెక్నిక్ మానేశాడు. గాలి సోకిందన్నారు, తాగుతున్నాడన్నారు. మెదడుకు తగిలిన దెబ్బ అని ఒక్కరూ అనలేదు.

పింఛను కోసం సదరం సర్టిఫికెట్‌కి, అదే వైకల్యం ఉందని ఇచ్చే కాగితానికి, తీసుకెళితే అక్కడి డాక్టరు కాళ్ళూ చేతులూ ఆడించమని, "బాగానే ఉన్నాడు కదమ్మా, ఎందుకు తిప్పుతున్నారు" అన్నాడు. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, తల దెబ్బతో వచ్చినదానికి విడిగా పేరు లేదు. సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతం రావాలంటే మతిమరుపునీ కోపాన్నీ కొలవాలి, కొలవడానికి పరీక్షలున్నాయి, చేసే మనిషి ఏ ఊళ్ళో దొరుకుతాడో మాత్రం మనమే వెతుక్కోవాలి. దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డవాళ్ళదీ ఇదే బాధ. నడుం విరిగితే కాగితం వస్తుంది, తల చెడితే రాదు.

హెల్మెట్ తల దెబ్బని అరవై తొమ్మిది శాతం దాకా తగ్గిస్తుందని ప్రపంచ దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. అది పట్టీ బిగిస్తేనే. మోచేతికి పెట్టుకుంటే మోచెయ్యే బాగుంటుంది.

రైతు సోదరులూ, మీ మీద నాకు కోపం లేదు. ఆరబోసుకోవడానికి కళ్ళం లేకపోతే మీరు మాత్రం ఎక్కడ పోస్తారు? కానీ రాత్రికి ఆ రాళ్ళు తీసేసి ఇసక బస్తాలు పెట్టండి, ఈ చివరా ఆ చివరా మెరిసే స్టిక్కరు కట్టండి. ఇంత చిన్న పనికి కూడా కలెక్టరు ఉత్తర్వు కావాలా?

సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు, అయిపోయిందండీ. ఆ బల్ల మీద అర్జీ ఉంది. రెండే అడిగాం. ఊరికి ధాన్యం కళ్ళాలు కట్టించమని, జిల్లా ఆసుపత్రిలో నెలకొక రోజు తల దెబ్బ తిన్నవాళ్ళకు ఆ జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించమని. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే సంతకం పక్కన అది కూడా రాయండి, సిగ్గుపడొద్దు. ఆధార్ నంబరు అక్కర్లేదు, ఊరు పేరు రాస్తే చాలు.