పార్ట్ 2 ఎంత కొడుతుందో తేల్చేది పార్ట్ 1 బాకీ!

నమస్తే వైజాగ్! గాజువాక నుంచి మధురవాడ దాకా, అనకాపల్లి నుంచి శ్రీకాకుళం దాకా చూస్తున్న అందరికీ నమస్తే. సోది లేకుండా పాయింట్‌కి వచ్చేస్తున్నా.

సీక్వెల్ మొదటి భాగాన్ని దాటుతుందా లేదా అనేది ట్రైలర్ చూసి చెప్పలేం. బడ్జెట్ చూసి చెప్పలేం. హీరోకి ఎంతమంది ఫ్యాన్స్ ఉన్నారో లెక్కపెట్టి అసలే చెప్పలేం. ఒక్కటి చూస్తే చాలు గురూ. మొదటి భాగానికి జనం దగ్గర బాకీ ఉందా, లేదా?

బాకీ అంటే ఏటి? సినిమా చూశారు, పిచ్చిగా నచ్చింది, కానీ థియేటర్లో టికెట్ తెగలేదు. టీవీలో చూశారు, ఓటీటీలో చూశారు, పక్కవాడి పాస్‌వర్డ్‌తో చూశారు. వాళ్ళందరూ ఆ సినిమాకి బాకీ పడ్డట్టే. రెండో భాగం వచ్చిన రోజున ఆ బాకీ మొత్తం ఒకేసారి కౌంటర్ దగ్గరికి వస్తుంది. మొదటి భాగం థియేటర్లోనే పూర్తిగా వసూలైపోయిందా, ఇక రెండోదానికి మిగిలేదేం లేదు. అంతే. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే గత పదేళ్ళ సీక్వెల్స్ దాదాపు అన్నీ అర్థమైపోతాయి.

పుష్ప తీసుకోండి. నిర్మాతల పోస్టర్ ప్రకారం పుష్ప 2 ముప్పై రెండు రోజుల్లో 1831 కోట్లు. ఆ పోస్టర్ పడిన దగ్గర నుంచి బాహుబలి 2ని దాటిందా లేదా అని కామెంట్లలో కొట్టుకుంటూనే ఉన్నారు. నేను ఆ గొడవలోకి పోను. మొదటి పుష్ప ప్రపంచం మొత్తం మీద 400 కోట్లు కూడా చెయ్యలేదు. అక్కణ్ణుంచి ఇక్కడికి నాలుగున్నర రెట్లు! ఎలా వచ్చాయి? గొప్ప సినిమా, గొప్ప క్రేజు అని చెప్పి వదిలేస్తే కుదరదు. లెక్క చూడాలి.

2021 డిసెంబర్ 17న మొదటి పుష్ప వచ్చినప్పుడు మన రాష్ట్రంలో టికెట్ రేట్లకి హద్దు పెట్టిన జీవో 35 నడుస్తోంది. గుర్తుందా? విశాఖ లాంటి కార్పొరేషన్‌లో ఏసీ సింగిల్ స్క్రీన్‌కి ఆ జీవోలో రాసిన పై తరగతి రేటు 100 రూపాయలు. పంచాయతీల్లో నాన్ ఏసీ హాల్‌కి కింది తరగతి టికెట్ అక్షరాలా 5 రూపాయలు! టీ కూడా రాదు దానికి. ఇప్పుడు పుష్ప 2కి రండి. 2024 డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్ టికెట్ జీఎస్టీ కాక 800. ఆ తర్వాత కూడా సింగిల్ స్క్రీన్ పై తరగతికి 150, మల్టిప్లెక్సుకి 200 వరకు పెంచుకోవచ్చని ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మామూలు రోజుల్లో మన ఊళ్ళో సింగిల్ స్క్రీన్ పై తరగతి 147 రూపాయల చిల్లర. పెంపు మీద జీఎస్టీ పక్కన పెట్టి, దానికి 150 కలిపితే దాదాపు 300.

ఇప్పుడు జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల ఒక హాల్ అనుకుందాం. సీట్లు 700. లెక్క సులువుగా ఉండాలని అన్నీ పై తరగతే అనుకుందాం. హౌస్‌ఫుల్ పడితే 2021లో షోకి 70 వేలు. 2024లో అదే హాలు, అవే కుర్చీలు, అంతే జనం. షోకి 2 లక్షల 10 వేలు. ఒక్క మనిషి కూడా పెరగకుండా మూడింతలు! పుష్ప 1కి ఆంధ్రాలో రావాల్సిన డబ్బు రాలేదు. అది మొదటి బాకీ.

రెండో బాకీ హిందీలో. ఇదే అసలు కథ. స్పైడర్ మ్యాన్ సినిమా థియేటర్లలో దిగిన మర్నాడు పుష్ప దిగింది. డిసెంబర్ 28న ఒమిక్రాన్ దెబ్బకి ఢిల్లీలో హాళ్ళు మూసేశారు. ఇటు జనవరి 7కే తెలుగు ప్రైమ్‌లో వచ్చేసింది, 14కి హిందీ వచ్చేసింది. నెల తిరక్కుండానే! అంత ఎదురుగాలిలో హిందీ నెట్, అంటే టాక్స్ పోగా మిగిలిన వసూలు, 100 కోట్లు దాటింది. కానీ బీహార్‌లో, యూపీలో, గుజరాత్‌లో ఆ సినిమా చూసినవాళ్ళు థియేటర్‌కి వెళ్ళినవాళ్ళకి ఎన్నో రెట్లు. గడ్డం కింద చెయ్యి పెట్టని పిల్లోడు లేడు. వాళ్ళందరూ మూడేళ్ళు ఇంట్లో కూర్చుని బాకీ పెంచుకున్నారు. పుష్ప 2 మొదటి రోజు హిందీ నెట్ 72 కోట్లు. రెండో రోజు నుంచే తెలుగు సినిమాకి తెలుగు కంటే హిందీ డబ్బింగే ఎక్కువ చెయ్యడం అంటే మామూలు విషయమా! మొత్తం మీద హిందీ నెట్ 800 కోట్లు దాటింది. 100 నుంచి 800. బాకీ వసూలంటే అదీ!

కేజీఎఫ్ కూడా అచ్చం ఇదే. చాప్టర్ 1 హిందీ నెట్ 44 కోట్ల దగ్గర ఆగింది. తర్వాత మూడేళ్ళకు పైగా టీవీలో, ప్రైమ్‌లో నడుస్తూనే ఉంది. 2022 ఏప్రిల్ 14న చాప్టర్ 2 వచ్చింది. హిందీ నెట్ 430 కోట్ల పైమాట. దృశ్యం హిందీ మొదటిది 67 కోట్లు, రెండోది 240 దాకా. స్త్రీ మొదటిది 130 కోట్ల దగ్గర, రెండోది 600 కోట్ల దగ్గర. బాహుబలికైతే ఒక్క ప్రశ్న రెండేళ్ళ పాటు దేశమంతా తిరిగింది. మొదటి భాగం హిందీ నెట్ 118 కోట్లు, రెండోది 510. అన్నీ ఒకే దారి.

ఇప్పుడు కొందరు అంటారు, "అన్నా, బ్లాక్‌బస్టర్‌కి సీక్వెల్ తీస్తే ఆటోమేటిక్‌గా ఎక్కువే వస్తుంది కదా" అని. అస్సలు రాదు! ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే బయ్యర్లు, అంటే ఏరియా హక్కులు కొని సినిమా ఆడించేవాళ్ళు, ఈ మాట నమ్మే మునిగిపోతున్నారు. పొన్నియిన్ సెల్వన్ చూడండి. మొదటి భాగం 480 కోట్ల పైన. రెండోది 350 కూడా లేదు. ఎందుకు? ఆ నవల తమిళనాట ఇంటింటికీ తెలుసు. ఎదురుచూసిన వాళ్ళందరూ మొదటి భాగానికే టికెట్ తెంపేశారు. పైగా రెండు భాగాల మధ్య గ్యాప్ ఏడు నెలలే. బయటి రాష్ట్రాల్లో ఇంట్లో చూసి కొత్తవాళ్ళు పెరగడానికి టైమేది? బాకీ లేదు, వసూలు లేదు.

గబ్బర్ సింగ్ 2012లో మన థియేటర్లను ఊపేసింది. చూడాల్సిన వాళ్ళందరూ చూసేశారు, కొందరు పదిసార్లు చూశారు. 2016లో సర్దార్ గబ్బర్ సింగ్ వచ్చింది, బోల్తా కొట్టింది. కిక్ 2 అంతే. వార్ 2019లో హిందీలో 300 కోట్ల నెట్ దాటి పూర్తిగా పిండేసింది. వార్ 2లో మన తారక్ ఉన్నా దాన్ని అందుకోలేదు. బయటి దేశాల్లోనూ ఇదే తీరు. అవతార్ మొదటిది 290 కోట్ల డాలర్లు దాటింది, రెండోది 230 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. అది కూడా పెద్ద హిట్టే, కాదనను. కానీ దాటలేదు. మొదటిదాన్ని భూమ్మీద అందరూ థియేటర్లోనే చూసేశారు మరి!

ఇక్కడ నా థియరీకి ఒక గట్టి దెబ్బ ఉంది, అది మీరు కామెంట్ పెట్టకముందే నేనే చెప్తా. డబుల్ ఇస్మార్ట్. మొదటి ఇస్మార్ట్ శంకర్ హిందీ డబ్బింగ్ యూట్యూబ్‌లో విపరీతంగా చూశారు. నా లెక్కన బోలెడంత బాకీ ఉండాలి. మరి రెండోది ఎందుకు పడిపోయింది? రెండు కారణాలు. ఒకటి, మొదటి భాగం కథ అక్కడికక్కడే అయిపోయింది. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలన్న దురద లేదు. బాకీకి నోటు రాసి ఉండాలి, ఆ నోటు మొదటి భాగం ఆఖరి పది నిమిషాల్లో ఉండాలి. కట్టప్ప కత్తి దింపడం లాంటిది. రెండు, రిలీజ్ డేట్. 2024 ఆగస్ట్ 15న అదే రోజు హిందీలో స్త్రీ 2 దిగింది. హిందీ జనం మీద నమ్మకం పెట్టుకున్న సినిమా హిందీ జనం మొత్తం ఇంకో సినిమాకి పోతున్న రోజున వస్తుందా ఎవరైనా?

సరే, ఇప్పుడు చాలామంది వీడియోల్లో వదిలేసే సంగతి చెప్తా. దాటడం వేరు, మిగలడం వేరు. రోబో సీక్వెల్ 2.0, రోబో కంటే రెట్టింపు గ్రాస్ చేసింది, అంటే టాక్స్ తియ్యక ముందు మొత్తం వసూలు. అయినా దాని బడ్జెట్ ముందు ఆ డబ్బు చాలలేదు. ఎందుకంటే బయ్యర్ మొదటి భాగం కలెక్షన్ చూసి కొనడు, రెండో భాగం హైప్ చూసి కొంటాడు.

మన ఉత్తరాంధ్ర ఏరియానే తీసుకోండి. ట్రేడ్‌లో ఇది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పాత జిల్లాలు మూడూ కలిపి ఒకే ఏరియా. మొదటి భాగం రైట్స్ బయ్యర్ పది రూపాయలకి కొన్నాడనుకోండి, 14 షేర్ వచ్చింది, అంటే టాక్స్, హాలు ఖర్చులు పోగా అతని చేతికి వచ్చింది. అందరూ పండగ చేసుకున్నారు. రెండో భాగానికి నిర్మాత 25 చెప్తాడు. కొన్నాడు. 20 షేర్ వచ్చింది. మీడియాలో "మొదటి భాగం రికార్డు బద్దలు" అని పోస్టర్. బయ్యర్ జేబులో 5 పోయింది! కొన్న పద్ధతి ఎన్ఆర్ఏ అయితే, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని అడ్వాన్స్ అయితే, ఆ పోయిన డబ్బు పోయినట్టే. అడ్వాన్స్ బేసిస్ మీద ఆడిస్తే కనీసం నిర్మాతని అడగడానికి ఉంటుంది.

షేర్ ఎలా వస్తుందో కూడా ఒక్కసారి చూడండి. 147 రూపాయల 50 పైసల టికెట్‌లో 22 రూపాయల 50 పైసలు జీఎస్టీ. మిగిలేది 125, అది నెట్. అందులోంచి థియేటర్ అద్దె, ఖర్చులు పోతే అప్పుడు షేర్. మన సింగిల్ స్క్రీన్లలో మొదటి వారాలు అద్దె పద్ధతి, జనం తగ్గాక పర్సంటేజీ. దీని మీదే 2025 మే నెలలో ఎగ్జిబిటర్లు హాళ్ళు మూసేస్తామన్నారు, గొడవ ఎంత దూరం వెళ్ళిందో చూశాం. పెద్ద సీక్వెల్‌కి అద్దె వల్ల హాలు వాడికి లిమిటే, కలెక్షన్ ఎంత పెరిగినా అద్దె అంతే. నష్టమొచ్చినా బయ్యర్‌దే, లాభమొచ్చినా బయ్యర్‌దే. అందుకే పార్ట్ 2కి ఎక్కువ పెట్టేముందు బయ్యర్ చూడాల్సింది ఓపెనింగ్స్ కావు, బాకీ.

మరి బాకీ నిజంగా వసూలవుతోందా, లేక పెంచిన రేటు అంకెల్ని ఉబ్బిస్తోందా? ఎలా కనిపెట్టాలి? మొదటి ఆదివారం రాత్రి వరుణ్ ఐనాక్స్‌లో టికెట్లు దొరకలేదు అంటే దానికి అర్థం లేదు, బీచ్ రోడ్‌లో ఆదివారం ఏ సినిమాకైనా జనం ఉంటారు. రేట్లు మామూలుకి దిగిన తర్వాత వచ్చే మొదటి సోమవారం మ్యాట్నీ చూడండి. అదీ అనకాపల్లిలో, పెందుర్తిలో, విజయనగరంలో. బుకింగ్ యాప్‌లో త్వరగా నిండుతోందని చూపించే ఆరెంజ్ రంగు చూసి మోసపోవద్దు, షో మొదలవడానికి పది నిమిషాల ముందు సీట్ల మ్యాప్ తెరవండి. వెనక రెండు వరుసలు కాదు, ముందు వరుసల్లో బుకింగ్ ఉందా చూడండి. రేటు తగ్గినరోజున ముందు వరుసలు నిండితే, ఖర్చుకి భయపడి ఆగిన కుటుంబాలు ఇప్పుడు వస్తున్నాయని. అప్పుడు లాంగ్ రన్ ఉంటుంది. రేటు తగ్గినా హాలు ఖాళీగా ఉంటే, వచ్చేవాళ్ళు మొదటి నాలుగు రోజుల్లోనే అయిపోయారు.

గదర్ 2 గురించి కూడా ఇందుకే చెప్పాలి. హిందీ నెట్ 500 కోట్లు దాటింది, మొదటి గదర్ కంటే రూపాయల్లో ఎన్నో రెట్లు. తలలు లెక్కపెడితే మాత్రం ట్రేడ్ అంచనాల్లో 2001 నాటి మొదటి గదరే ముందుంది. ఇరవై రెండేళ్ళలో టికెట్ రేటు ఎక్కడికి పోయిందో తెలిసిందే కదా. బాహుబలి 2 అలా కాదు. రూపాయల్లోనూ దాటింది, తలల్లోనూ దాటింది. ఇండియాలో పది కోట్ల పైన టికెట్లని ట్రేడ్ అంచనా. అందుకే పోస్టర్లో ఏ అంకె ఉన్నా నా లెక్కలో ఇప్పటికీ ఆ సినిమాదే పైచేయి. పుష్ప ఫ్యాన్స్ తిట్టుకున్నా పర్లేదు, తల లెక్క తల లెక్కే.

ఇక ముందు రావాల్సిన వాటి మీద నా మాట. కల్కి. మొదటి భాగం ప్రపంచవ్యాప్తంగా 1000 కోట్లు దాటింది. రెండు వారాలు ఆంధ్రాలో సింగిల్ స్క్రీన్‌కి 75, మల్టిప్లెక్సుకి 125 పెంచి మరీ వసూలు చేశారు. హిందీ నెట్ 300 కోట్లకి దగ్గరగా వెళ్ళింది. థియేటర్లో బాగా పిండేశారు, బాకీ తక్కువ. పైగా మొదటి భాగంలో కథ మొత్తం మోసిన పాత్ర సుమతి, ఆ పాత్ర చేసిన దీపిక రెండో భాగంలో ఉండరని 2025 సెప్టెంబర్‌లో నిర్మాణ సంస్థే ప్రకటించింది. రూపాయల్లో కిందామీదా పడి దాటుతుందేమో, తలల్లో దాటదు.

దేవర. వర దేవరని ఎందుకు చంపాడు అనే నోటు రాసి ఉంది. కానీ హిందీలో ఇంట్లో చూసినవాళ్ళు పుష్పని పట్టుకున్నట్టు దాన్ని పట్టుకోలేదు. బాకీ ఉంది, చిన్నది. కొనేవాళ్ళు మొదటి భాగం రేటుకే ఆగితే మంచిది.

సలార్. ఇదీ అసలు బాకీ! 2023 డిసెంబర్ 22న వచ్చింది, దానికి ఒక్కరోజు ముందు డంకీ. ఉత్తరాదిలో స్క్రీన్ల కోసం కొట్లాట. మొదటి భాగం సగంలో ఆపినట్టు ఆపారు, దేవా ఎవరో ఆఖర్లో చెప్పి వదిలేశారు. తర్వాత ఓటీటీలో హిందీ వెర్షన్ నెలల తరబడి నడిచింది, కాటేరమ్మ సీన్ ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతోంది. రిలీజ్ డేట్ ఒంటరిగా దొరికితే, పక్కన ఇంకో పెద్ద హిందీ సినిమా లేకపోతే, సలార్ 2 మొదటి భాగానికి రెండింతలు దాటుతుంది. రాసిపెట్టుకోండి. కాదనేవాళ్ళు కామెంట్‌లో రండి, కానీ అంకెతో రండి. మీ ఊళ్ళో మొదటి సలార్ ఎన్ని వారాలు ఆడిందో, ఏ హాల్లో ఆడిందో కూడా రాయండి.