కొండవాలులో డిస్క్ గోల్ఫ్

శ్రోతలకు నమస్కారం.

విశాఖలో పెరిగినవాళ్ళకి మిట్టపల్లాలు కొత్త కాదు. ఊరు దాటితే కొండవాలు, వాలు మీద జీడితోట. అలాంటి నేలకి బాగా కుదిరే ఆట డిస్క్ గోల్ఫ్. సుమారు 21 సెంటీమీటర్ల వెడల్పుండే ప్లాస్టిక్ డిస్క్‌ని విసరాలి. అది పడ్డచోటికి నడిచి, అక్కణ్ణుంచి మళ్ళీ విసరాలి. చివరికి గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వెయ్యాలి. తక్కువ విసుర్లలో ముగించినవాళ్ళదే గెలుపు. ఆ గొలుసుల బుట్టని 1970ల్లో అమెరికాలో ఎడ్ హెడ్రిక్ రూపొందించారు. అంతకుముందు చెట్టు బోదెలూ స్తంభాలే గురి. కాబట్టి బుట్ట లేదని ఆగనక్కర్లేదు.

చదును మైదానంలో ఎంత దూరం విసరగలమన్నదే ముఖ్యం. కొండమీద, చెట్ల మధ్య ఆ బలం సగం వృథా. తర్వాతి విసురు ఎక్కణ్ణుంచి వేస్తే సుఖమో ముందే చూసుకుని, డిస్క్‌ని సరిగ్గా అక్కడ దింపాలి. ఈ ఆటలో పనితనమంతా అదే.

ముందు డిస్క్ నడక తెలియాలి. కుడిచేతివాటం మనిషి ఎడమ పక్కనుంచి చెయ్యి లాగి విసిరితే, పైనుంచి చూసినప్పుడు డిస్క్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. దీన్ని బ్యాక్‌హ్యాండ్ అంటారు. వేగం ఉన్నంతసేపు దాదాపు తిన్నగా పోతుంది, కొన్ని రకాలు కాస్త కుడికి మళ్ళుతాయి. వేగం తగ్గాక ఎడమకి వాలి దిగుతుంది. ఆ చివరి వాలే ఫేడ్. ఎడమచేతివాటం వాళ్ళు నేను చెప్పే దిక్కులన్నీ తిరగేసుకోవాలి.

కిందికి విసిరినప్పుడు నేల దూరమైపోతుంది కాబట్టి డిస్క్ గాలిలో ఎక్కువసేపు ఉంటుంది. ఆ అదనపు సమయమంతా వేగం తగ్గాక వచ్చేదే. అంటే ఫేడ్‌కి దొరికే సమయం. చదును మీద మూడు మీటర్లు ఎడమకి పోయే డిస్క్, వాలులో ఇంకా చాలా దూరం పక్కకి పోతుంది. కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే. దూరాన సముద్రం కనిపిస్తుంటే చూపు అటే పోతుంది. చెయ్యి కూడా ఆ ఎత్తులోనే లాగుతారు. డిస్క్ ముందు అంచు పైకి లేచి, గాలిలో తేలి, ఎడమకి కొట్టుకుపోతుంది. భుజాల్నీ చేతి లాగునీ వాలుకి సమాంతరంగా వంచాలి. చూపు దిగాల్సిన నేల మీద ఉండాలి. పరుగు వద్దు, రెండడుగులు చాలు.

ఎక్కుడు విసురులో వేగం త్వరగా చస్తుంది, ఫేడ్ త్వరగా మొదలవుతుంది. అందుకని కుడికి మళ్ళే స్వభావమున్న డిస్క్ తీసుకోవాలి. చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు ఉంటాయి: వేగం, తేలుడు, మళ్ళుడు, ఫేడ్. మూడో అంకె మైనస్ 2, మైనస్ 3 ఉన్నవి ఎక్కుడుకి మేలు. పైకి విసరాలి కదా అని ముందు అంచు మాత్రమే ఎత్తితే డిస్క్ ఆగిపోయి వెనక్కి జారుతుంది. డిస్క్ మొత్తం వాలు వెంట ఎక్కాలి.

దూరానికి ఆటగాళ్ళు వాడే మోటు లెక్క ఒకటుంది: ఒక మీటరు ఎత్తు తేడాకి మూడు మీటర్ల దూరం. బుట్ట 80 మీటర్ల దూరంలో, 10 మీటర్ల కింద ఉంటే 50 మీటర్ల విసురుగా ఆడాలి. 50 మీటర్ల దూరంలో, 5 మీటర్ల పైన ఉంటే 65గా ఆడాలి.

ఇక చెట్లు. మూడు మీటర్ల సందు పది మీటర్ల దూరంలో ఉంటే అటూ ఇటూ ఎనిమిది డిగ్రీల తప్పుని సహిస్తుంది. అదే సందు ఇరవై మీటర్ల దూరంలో ఉంటే నాలుగు డిగ్రీలే. అంచేత దూరపు సందుని పట్టుకుని గురి చూడకూడదు. దగ్గరి సందుల్లో వెడల్పైనది ఎంచుకుని, అది దాటాక డిస్క్ ఎటు వాలుతుందో చూసుకోవాలి. జీడిచెట్టు కొమ్మలు కిందికి పరుచుకుంటాయి, వాటి కింద తల ఎత్తే వీలుండదు. మోకాలి మీద కూర్చుని, నడుము ఎత్తులో, పటర్ రకం డిస్క్‌ని, అంటే దగ్గరి విసుర్లకి వాడే నెమ్మది డిస్క్‌ని, మెల్లగా విసరాలి. దూరపు విసుర్లకి వాడే వేగపు డిస్క్, డ్రైవర్, అక్కడ దండగ. దానికి కావలసినంత వేగం ఇవ్వలేకపోతే ముందుగానే ఎడమకి పడిపోతుంది.

గుబుర్లో చిక్కుకుంటే ఫోర్‌హ్యాండ్ ఆదుకుంటుంది. చెరువు మీద కప్పగెంతులు వేయించడానికి పెంకు విసిరినట్టు, మోచెయ్యి ఒంటికి దగ్గరగా, మణికట్టుతో. బ్యాక్‌హ్యాండ్‌కి వ్యతిరేకంగా ఇది కుడికి వాలుతుంది. అయినా నా సలహా మాత్రం, ఐదారు చిన్న సందుల్లోంచి బుట్ట వైపు కొట్టడం కంటే పక్కకి, ఖాళీలోకి ఒక విసురు ఖర్చు పెట్టడమే మేలని. చెట్టుకి తగిలి ఇంకా లోపలికి పోయిన డిస్క్ రెండు విసుర్లు తింటుంది. దారికి అడ్డమని కొమ్మ విరవడం, వంచి పట్టుకోవడం నియమాలకి విరుద్ధం. కాలు పెట్టే చోట రాలిన పుల్లలూ రాళ్ళూ మాత్రం తీసుకోవచ్చు.

దింపడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, వాలులో విసుర్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. డిస్క్ వాలూ నేల వాలూ ఒకటైతే అది పరుచుకుని ఆగుతుంది, మహా అయితే కాస్త జారుతుంది. రెండూ ఎదురెదురైతే అంచు మీద నిలబడి దొర్లుతుంది, ఇక పల్లందాకా ఆగదు. నేల ఎడమకి దిగుతుంటే బ్యాక్‌హ్యాండ్, కుడికి దిగుతుంటే ఫోర్‌హ్యాండ్. ఎండిన ఎర్రమట్టి మీద జారుడు ఎక్కువ. సరుగుడు ఆకులు పరుచుకున్నచోట ఇంకా ఎక్కువ, అక్కడ మన కాలు కూడా జారుతుంది. గరుకు అడుగున్న బూట్లు వేసుకోండి.

బుట్ట వాలులో ఉంటే దాని కిందివైపు నుంచి వేసేలా చేరుకోండి. పైనుంచి వేసి తప్పితే డిస్క్ పల్లానికి పోతుంది. బుట్టకి పది మీటర్ల లోపల విసిరాక ముందుకి తూలకూడదు. నిలదొక్కుకున్నాకే అడుగు కదపాలి. వెనక కాలు మోకాలు బాగా వంచితే నిలకడ వస్తుంది.

గాలి విషయం. పగలు సముద్రం గాలి మొదలయ్యాక కొండ అంచు మీద ఉధృతంగా ఉంటుంది, చెట్లలోపల తెలియదు. చెట్ల చివర్లు చూడండి. ఎదురుగాలి బ్యాక్‌హ్యాండ్ డిస్క్‌ని పైకి లేపి కుడికి మళ్ళిస్తుంది. వెనకగాలి త్వరగా దింపి ఎడమకి లాగుతుంది. చెమట చేతికి తువ్వాలు తప్పనిసరి.

పోయిన డిస్క్ వెతకడానికి మూడు నిమిషాలే గడువు, దొరక్కపోతే ఒక విసురు జరిమానా. పడ్డచోటి వెనకున్న చెట్టుని గుర్తుపెట్టుకుని తిన్నగా నడవండి. ఎండుటాకుల్లో పసుపు, ఎరుపు, నారింజ డిస్కులు కలిసిపోతాయి. నీలం, ముదురు గులాబీ మంచివి. ఆకుల కుప్పలో ముందు కర్రతో కదపండి, తర్వాతే చెయ్యి. రక్తపింజర ఎండుటాకుల్లో కంటికి ఆనదు.

ఎక్కడ ఆడాలి? కంబాలకొండ అభయారణ్యం, అక్కడ వద్దు. కైలాసగిరి జనం తిరిగే చోటు, 170 గ్రాముల డిస్క్ తగిలితే గాయమే. తోట యజమానిని అడిగి, పూత, కాపు లేని రోజుల్లో ఆడండి. మేకు కొట్టకుండా, మోకాలి ఎత్తునుంచి ఛాతీ ఎత్తుదాకా బోదెకి గుడ్డ చుడితే అదే గురి. మొదట 40 నుంచి 60 మీటర్ల దూరాలు పెట్టుకోండి. సగం ఎక్కుడు, సగం దిగుడు ఉండాలి. మలుపు వెనక గురి కనిపించకపోతే ఒకరు ముందుకెళ్ళి, పక్కగా చెట్టు చాటున నిలబడి, దారి ఖాళీగా ఉందని కేకవేశాకే విసరాలి. డిస్కులు రెండు చాలు, ఒక పటర్, ఒక మిడ్‌రేంజ్ (పటర్‌కీ డ్రైవర్‌కీ మధ్యరకం). డ్రైవర్ కొనడానికి తొందరేం లేదు. ఆ రెండూ వాలులో తిన్నగా పోవడం మొదలెట్టాక కొనుక్కోవచ్చు.